దూరసభలయందు స్పీకరుఫోను: ధ్వనిధర్మములు, వినియోగము

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలి విశ్వవిద్యాలయములు మూతపడినపుడు, ఆ యేడు ఏప్రిల్ మాసమున విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు వెలువరించిన మార్గదర్శకములలో పిహెచ్.డి. మౌఖికపరీక్షలను అంతర్జాలముద్వారా జరుపుకొనుటకు వీలు కల్పించిరి. వ్యాధి శాంతించినది గాని ఆ పద్ధతి మాత్రము పూర్తిగా తొలగిపోలేదు. కాశీలోనో మద్రాసులోనో ఉన్న పరీక్షకుడు రైలుప్రయాణము లేకయే అభ్యర్థిని ప్రశ్నింపగలుగుచున్నాడు. విదేశమున స్థిరపడిన తెలుగు పండితుడు మన సదస్సున ప్రసంగింపగలుగుచున్నాడు. సౌకర్యము గొప్పదే. అయితే ఈ సభలన్నిటికిని ఆధారము శబ్దము. చిత్రము క్షణకాలము నిలిచిపోయినను సభ సాగును. శబ్దము చెడినచో సభయే లేదు. అట్లుండగా మన శాఖలలో తెర పెద్దదా చిన్నదా యను విచారమునకు లభించు గౌరవము శబ్దవిచారమునకు లభించుట లేదు. నాలుగైదేండ్లు శ్రమించిన విద్యార్థి భవితవ్యము ఒక గంటసేపు ఒక యంత్రమునకు వశమై యుండునపుడు, ఆ యంత్రమెట్టిదో తెలిసికొనుట అధ్యాపకుల విధి యని మా యభిప్రాయము.

యంత్రము మిక్కిలి చిన్నది. బల్లమధ్య నుంచదగిన, అరచేతి వెడల్పు గల గుండ్రని బిళ్ల. అందు ఒక ధ్వనివర్ధకమును, అంచుచుట్టును నాలుగో ఆరో సూక్ష్మమైన మైక్రోఫోనులును, వచ్చు శబ్దమును పోవు శబ్దమును లెక్కగట్టు నొక గణకమును, బ్యాటరీయు ఇమిడి యుండును. తీగద్వారా కంప్యూటరునకో, తీగ లేకయే బ్లూటూతుద్వారా సెల్‌ఫోనునకో దీనిని సంధింపవచ్చును. విపణిలో దీనిని స్పీకరుఫోను అందురు. సభాభాషిణి యనియో దూరవాణీపీఠమనియో పేరు పెట్టు ఉత్సాహము మాకును కలిగినది గాని, కార్యాలయపు గుమాస్తా మొదలు ఆచార్యునివరకు అందఱును స్పీకరుఫోనే యనుచుండగా క్రొత్త నామకరణమువలన ప్రయోజనము కానరాదు.

సాహిత్యపత్రికలో ఈ ప్రసంగమెందుకని పాఠకులు శంకింపవచ్చును. 2018లో ఎరిన్ న్యూమన్, నార్బర్ట్ ష్వార్జ్ అను ఇరువురు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఒక పరిశోధనమును ప్రకటించిరి. ఒకే శాస్త్రప్రసంగమును కొందఱికి స్పష్టమైన ధ్వనితోను, మఱికొందఱికి చెడిన ధ్వనితోను వినిపించి వారి యభిప్రాయములను సేకరించిరి. చెడిన ధ్వనిని విన్నవారు ప్రసంగమునకే గాక, ప్రసంగించిన వానికిని, అతని పరిశోధనకును గూడ తక్కువ విలువ కట్టిరి. మాటలలో భేదము లేదు. చెవికి చేరిన తీరున మాత్రమే భేదము. ఈ ఫలితమును మౌఖికపరీక్షకు అన్వయించి చూచుకొన్నచో గుండె ఝల్లుమనక మానదు. పరీక్షకుడు పక్షపాతి కానక్కఱలేదు. అతని చెవి పడిన శ్రమ అతనికి తెలియకుండగనే అభ్యర్థి లోపముగా లెక్కకు వచ్చును.

ల్యాప్‌టాప్‌లోనే మైక్రోఫోను ఉండగా వేఱొక పరికర మెందుకు? ఒక్కడే కూర్చుండి మాటాడునపుడు నిజముగా అక్కఱలేదు. చిక్కు బల్లచుట్టు పదిమంది చేరినపుడు వచ్చును. నోటినుండి వెలువడిన ధ్వని దూరము రెట్టింపైన ప్రతిసారియు ఆఱు డెసిబెళ్ల చొప్పున తగ్గును. 30 సెంటీమీటర్ల దూరమునుండి మాటాడువానికిని, 2.4 మీటర్ల దూరమున కూర్చున్న అధ్యక్షునికిని నడుమ మూడు రెట్టింపులున్నవి. అనగా అధ్యక్షుని కంఠము 18 డెసిబెళ్లు తక్కువగా చేరును. అది తగ్గినను యంత్రము పెంచుకొనును గదా యందురు. పెంచుకొనును, కాని దానితోడనే గదిలోని మ్రోతయు పెరుగును.

ఈ మ్రోత యనునది మన గదుల విషయమున విశేషముగా విచారింపదగినది. హార్వర్డు విశ్వవిద్యాలయములో ఫాగ్ కళాభవనపు ఉపన్యాసమందిరమున ఒక్క మాటయు స్పష్టముగా వినబడుట లేదని చెప్పగా, వాలెస్ సబైన్ అను యువ భౌతికశాస్త్రాధ్యాపకుడు 1895లో ఆ పనికి నియుక్తుడయ్యెను. అతడు సమీపమున నున్న నాటకశాలనుండి ఆసనముల మెత్తలను రాత్రులయందు తెప్పించి, ఒక్కొక్కటిగా గదిలో పరచుచు, ధ్వని ఎంతసేపటికి అణగునో లెక్కించెను. అతడు కనిపెట్టిన సూత్రము నేటికిని చెల్లుచున్నది: గది ఘనపరిమాణమును 0.161చే గుణించి, గోడలు, నేల, వస్తువులు, మనుష్యులు కలిసి పీల్చుకొను శక్తిచే భాగించినచో, మ్రోత అణగుటకు పట్టు కాలము సెకండ్లలో లభించును.

మన శాఖలలోని సమావేశపు గదిని ఊహింతము. 9 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు. సున్నపు గోడలు, బండపఱుపు నేల, కాంక్రీటు కప్పు. ఘనపరిమాణము 189 ఘనమీటర్లు. తలముల మొత్తము 213 చదరపు మీటర్లు. ఇట్టి తలములు తమపై బడిన ధ్వనిలో నూటికి ఐదు వంతులు పీల్చుకొనునని గ్రహించినచో, ఖాళీ గదిలో మ్రోత అణగుటకు 2.9 సెకండ్లు పట్టును. ఇరువదిమంది వచ్చి కూర్చున్నపుడు అది సుమారు ఒకటిన్నర సెకండునకు దిగును. ఆ గదిలో మాటాడువాని నుండి సుమారు 63 సెంటీమీటర్ల దూరమువఱకే అతని స్వంతకంఠము గోడల మ్రోతకంటె బలముగా నుండును. అంతకు మించిన దూరమున మైక్రోఫోను మాటను గాక గోడలను విన మొదలిడును. ఒక్క సెకండులో ఆఱేడు అక్షరములు పలుకు మనకు, ముందటి అక్షరముల తోక వెనుకటి అక్షరములపై బడుటయే అవతలివారు ‘బావిలోనుండి మాటాడినట్లున్న’దనుటకు కారణము.

స్పీకరుఫోను ఈ చిక్కును కొంతవఱకు తీర్చును. అంచుచుట్టు నున్న మైక్రోఫోనులకు ఒకే ధ్వని ఒకే క్షణమున చేరదు. ధ్వనివేగము సెకండునకు సుమారు 343 మీటర్లు. ఆఱు సెంటీమీటర్ల ఎడము గల రెండు మైక్రోఫోనుల నడుమ హెచ్చయిన భేదము సెకండులో ఐదువేల ఏడువందల వంతులలో ఒకటి. ఇంతటి సూక్ష్మభేదమును బట్టి యంత్రములోని గణకము మాట ఏ దిక్కునుండి వచ్చుచున్నదో గ్రహించి, ఆ దిక్కు ధ్వనులను కూర్చి, ఇతర దిక్కుల ధ్వనులను తగ్గించును. దీనివలన పైని చెప్పిన దూరము ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో పెరుగవచ్చునే గాని, గది స్వభావము మాఱదు. కావున విక్రేతలు చెప్పు కొలతలను నమ్మి పొడవైన బల్లకు ఆ చివర అభ్యర్థిని కూర్చుండబెట్టుట తగదు. సభకు ముందు కిటికీలకు తెరలు దించుట, నేలపై జంపఖానా పఱచుట వంటి పనులు యంత్రము చేయజాలని పనిని చేయును. సన్మానమునకై తెచ్చిన శాలువా నొకదానిని మడిచి యంత్రము క్రింద నుంచినచో, బల్లపై సిద్ధాంతగ్రంథము పుటలు త్రిప్పిన చప్పుడు అవతలివారికి పిడుగుపాటువలె వినబడక యుండును. శాలువాలకు ఇంతకంటె సద్వినియోగమును మేము చూడలేదు.

ఇక ప్రతిధ్వని. కాశీనుండి పరీక్షకుడు పలికిన మాట మన గదిలోని వర్ధకమునుండి వెలువడి, ప్రక్కనే యున్న మైక్రోఫోనులో మఱల ప్రవేశించి, తిరిగి కాశీకి చేరును. తన మాట తనకే అరసెకండు పిదప వినవచ్చినచో మాటాడుట ఎవ్వరికిని సాధ్యము కాదు. తొలినాటి యంత్రములలో దీనికి మోటైన ఉపాయము నొకదానిని పన్నిరి: ఒకరు మాటాడునపుడు రెండవవారి మార్గమును మూసివైచుట. 1960 దశకమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో మేలైన యుపాయము వెలసినది. దీనిని రూపొందించిన వారిలో భారతదేశమున జన్మించిన మన్‌మోహన్ సోంధీ ప్రముఖుడు. ఆయన వ్యాసము 1967లో వెలువడినది. వర్ధకమునకు పోవు ధ్వని యంత్రమునకు ముందే తెలియును. అది గది గోడలను తాకి మైక్రోఫోనునకు ఏ రూపున తిరిగివచ్చునో యంత్రము ఊహించి, ఆ యూహారూపమును వచ్చిన ధ్వనినుండి తీసివేయును. మిగిలిన దోషమును చూచి ఊహను దిద్దుకొనును. సెకండునకు వేలమార్లు ఈ దిద్దుబాటు సాగును. వ్యాఖ్యాత మూలమును ముందుంచుకొని ప్రక్షిప్తములను తొలగించుటకును దీనికిని పోలిక లేకపోలేదు.

ఈ విధానము తెలిసినచో కొన్ని జాగ్రత్తలు తమంతట తామే తోచును. సభ నడుమ యంత్రమును అటునిటు జరిపినచో అది నేర్చుకొన్న గది రూపము వ్యర్థమై, క్షణకాలము ప్రతిధ్వని తిరిగివచ్చును. వర్ధకమును శక్తికి మించి పెంచినచో ధ్వని విరిగిపోవును. విరిగిన ధ్వని యంత్రమునకు తెలిసిన ధ్వని కాదు గనుక దానిని తీసివేయుట దానికి సాధ్యము కాదు. వినబడుట లేదని శబ్దమును పెంచుటకంటె, బల్లకు దగ్గఱగా జరుగుట మేలు. అదే గదిలో మఱొకరు తమ సెల్‌ఫోనునందు అదే సభను శబ్దముతో తెఱచి యుంచినచో యంత్రమునకు సంబంధము లేని మార్గమున ధ్వని తిరుగాడి కీచుమను రొద పుట్టును. ఒక గదికి ఒకే యంత్రము పలుకవలెను, ఒకే యంత్రము వినవలెను.

ఇరువైపులవారును ఒకేసారి మాటాడుట యంత్రమునకు మిక్కిలి కష్టమైన పరిస్థితి. ఏది ప్రతిధ్వనియో ఏది నిజమైన మాటయో వేఱుచేయుట అప్పుడు దుర్ఘటము. యంత్రము తన దిద్దుబాటును నిలిపి, అనుమానమున్న ధ్వనిని అణచివేయును. తత్ఫలముగా మాటల తొలి యక్షరములు మ్రింగబడును. మౌఖికపరీక్షలో పరీక్షకుడు ప్రశ్నను ముగింపకుండగనే అభ్యర్థి ‘చిత్తము’, ‘అవునండి’ అని వినయముతో పలుకుట మన మర్యాద. ఆ చిన్న పలుకే ప్రశ్నలోని ముఖ్యమైన పదమును కప్పివేయును. దూరసభలో ఆ మర్యాదను తలయూపుటతో సరిపెట్టుకొనుడని విద్యార్థులకు ముందుగా చెప్పియుంచుట మంచిది.

ఆలస్యమును గూర్చి మఱొక మాట. అంతర్జాతీయ దూరసంచారసంఘమువారు ఒకవైపు ప్రయాణమునకు 150 మిల్లీసెకండ్లకు లోబడిన ఆలస్యము మేలని సూచించిరి. అంతర్జాలమార్గమున ఈ మేర తఱచు దాటును. బ్లూటూతు సంధానము దానికి మఱికొంత చేర్చును. 2014లో వెలువడిన యొక జర్మను పరిశోధనమున, ఇట్టి ఆలస్యమును మనుష్యులు మార్గదోషముగా గాక ఎదుటివాని స్వభావదోషముగా భావింతురని తేలినది. వెంటనే సమాధానము చెప్పిన విద్యార్థియు పరీక్షకుని చెవికి తడబడిన విద్యార్థివలె తోచును. అధ్యక్షస్థానమున నున్నవారు సభారంభముననే ఈ సంగతి నొక్క వాక్యమున పరీక్షకునికి విన్నవించుట అభ్యర్థికి చేయదగిన న్యాయము.

మన శాస్త్రమునకు మిక్కిలి సన్నిహితమైన విషయము ధ్వనుల పరిధి. పూర్వపు టెలిఫోను 300 మొదలు 3400 కంపనములవఱకు గల ధ్వనులనే మోసికొనిపోవును. 1972లో ఏర్పడిన అంకరూప టెలిఫోను ప్రమాణమును సెకండునకు 8000 నమూనాలతో ఈ పరిధికే కట్టుబడినది. అచ్చులకు ఈ పరిధి చాలును. ఊష్మముల సంగతి వేఱు. ష, శలలో మూర్ధన్యమైన ష తక్కువ కంపనములలోను, శ అంతకు పైని బలము గలవి. ఇవి కొంతయైనను టెలిఫోనును దాటును. దంత్యమగు స యొక్క బలము ప్రధానముగా 4000కు పైననే యున్నది. అది గడపదాటకముందే ఆగిపోవును. ఫోనులో ఇంటిపేరు తొలియక్షరమును చెప్పునపుడు అది ‘యస్సా, యెఫ్ఫా’ యని అవతలివారడుగుట మనమందఱము ఎఱిగినదే. వ్యాకరణాధ్యయనము లేనివాడు సకలమును శకలము చేయునని పూర్వులు పరిహసించిరి. టెలిఫోను వ్యాకరణపండితునికిని ఆ గతి పట్టింపగలదు. అభ్యర్థి సకలమనెనో శకలమనెనో సందర్భమును బట్టి ఊహింపవలసినదే గాని చెవికి ఆధారము మిగులదు.

తెలుగునకు ప్రత్యేకమైన చ, ౘల భేదమును ఇట్టిదే. దంత్యమగు ౘకారమున సకారపు ఛాయ గలదు; ఆ ఛాయ పై కంపనములలోనిది. మాండలికపరిశోధకుడు ఒక పల్లెటూరి వృద్ధునితో టెలిఫోనున మాటాడి అతని నోట చకారము ఏ రూపున నున్నదో నిర్ణయింపబూనుట సాహసము. మహాప్రాణముల విషయమునను జాగ్రత్త యవసరము. కరము ఖరమగుటకు కావలసినది లిప్తపాటు సన్నని యూపిరి మాత్రమే. యంత్రమునకు ఆ యూపిరియు, పంకా గాలియు ఒకే జాతివిగా తోచు నవకాశము గలదు.

1988లో ఏర్పడిన విశాలపరిధి ప్రమాణము 50 మొదలు 7000 కంపనములవఱకు మోయును. 2012లో ప్రమాణముగా స్వీకరింపబడిన ఓపస్ అను విధానము సెకండునకు 48,000 నమూనాలవఱకు పోగలదు. కాబట్టి నేటి దూరసభలు పాత టెలిఫోనుకంటె ఎంతయో మేలు. అయితే గొలుసు బలము సన్నని లంకెను బట్టి యుండును. బ్లూటూతుద్వారా సంభాషించునపుడు పాత పరికరములు టెలిఫోను పరిధికే దిగిపోవును. 2011 పిదప వచ్చిన పద్ధతిని ఇరువైపుల పరికరములును ఎఱిగినపుడే 16,000 నమూనాలు లభించును. సభ అంతర్జాలమున విశాలముగనే సాగుచున్నను, బల్లపైని యంత్రమునకును కంప్యూటరునకును నడుమనున్న మూడడుగుల గాలిలో సకారము నష్టమగుట విచిత్రము. అందుచేత మౌఖికపరీక్షకు తీగసంధానమునే మేము కోరుదుము. బ్లూటూతు ప్రయాణములకును, చిన్న సంభాషణములకును చాలును.

రొద తగ్గించు శక్తిని విక్రేతలు మిక్కిలి పొగడుదురు. దాని మూలసూత్రమిది: మాట క్షణక్షణమును మాఱును, రొద నిలకడగా నుండును. నిలకడగా నున్నదానిని యంత్రము రొదగా నెంచి తగ్గించును. పంకా హోరునకు ఇది చక్కని చికిత్స. కాని పద్యము? కొన్నేండ్ల క్రిందట మేము హాజరైన యొక పరీక్షలో అభ్యర్థి విషయము పద్యనాటకము. పరీక్షకుడు ఒక పద్యమును రంగస్థలరీతిని వినిపింపుమని కోరెను. గదిలో నున్న మాకు రాగము నిండుగా వినబడినది. అవతల పరీక్షకునికి మాత్రము పాదాంతమున సాగదీసిన ప్రతి స్వరమును మొదట బలముగా మొదలై, అంతలో సన్నగిల్లి, మాయమైనది. ‘ఊపిరి చాలుట లేదా నాయనా?’ యని ఆయన అడిగినపుడు ఆ యువకుని ముఖము చిన్నబోయినది. దోషము అతని యూపిరిది కాదు; నిలిచిన స్వరమును పంకాగా భ్రమించిన యంత్రముది. తంబురశ్రుతియు, హార్మోనియమును ఇట్లే నశించును. హరికథలోని చిడతలు, బుఱ్ఱకథలోని గుమ్మెటలు అట్లు నిలకడ గల ధ్వనులు కాకపోయినను, మాటగాని చప్పుళ్లుగా నెంచబడి త్రుంచబడవచ్చును. జూమ్ వంటి సభావాహకములలో సంగీతకారుల కొఱకు ‘అసలు ధ్వని’ యను ఏర్పాటు గలదు; దానిని ఎంచుకొన్నచో సభావాహకము చేయు వడపోత ఆగును. బిళ్లలోని గణకము చేయు వడపోత మాత్రము ఆగదు. గానమున్నపుడు బిళ్లను తొలగించి, సామాన్యమైన మైక్రోఫోనునే గాయకుని ముందుంచుట యుత్తమము.

ధ్వనిశాస్త్రమునను ఛందోగానమునను పరిశోధించువారు గమనింపవలసిన సంగతి మఱొకటి గలదు. అంతర్జాలమున ధ్వని చిన్నచిన్న పొట్లములుగా ప్రయాణించును. అవి ఒకే ఎడముతో చేరవు. పొట్లము ఆలస్యమైనచో వినువైపు గణకము చేతనున్న ధ్వనిని కొంచెము సాగదీసి ఖాళీని పూరించును. పొట్లములు కుప్పగా వచ్చినచో కొంచెము కుదించి వేగిరపఱచును. చెవికి ఇది దాదాపుగా తెలియదు. తెలుగులో పడు, పాడులకును, గుడి, గుడ్డిలకును భేదమంతయు కాలములోనే యున్నది. ఈ సాగదీతవలన లఘువు గురువుగా మాఱిపోవునని మేము చెప్పుట లేదు. కాని అట్టి ధ్వనిముద్రణమునుండి అచ్చుల దైర్ఘ్యమును, ద్విత్వకాలమును మిల్లీసెకండ్లలో కొలిచి పట్టికలు వేయుట శాస్త్రము కాజాలదు. అట్టి పట్టికలు గల సిద్ధాంతవ్యాసములు మా కంటబడినవి గనుకనే యింతగా చెప్పవలసి వచ్చినది. 1962లో వెలువడిన మాండలికవృత్తిపదకోశపు వ్యవసాయసంపుటమునకై సేకర్తలు ఊరూర తిరిగి రైతుల నోటనే పదములను వినిరి. దూరసంభాషణము పరిచయమునకు, సందేహనివృత్తికి, మఱచిన పదము నడిగి తెలిసికొనుటకు చాలును, ప్రమాణధ్వనికి చాలదు. సమీపమునకు పోవుట యసాధ్యమైనపుడు, అవతలివారి యింటనున్న వారెవరిచేతనైనను వక్త ప్రక్కనే సెల్‌ఫోనునుంచి, సంభాషణమునకు సంబంధము లేకుండ ధ్వనిని విడిగా ముద్రింపించి, ఆ ముద్రణమునే తెప్పించుకొనవలెను. మనవైపు గదిలో స్పీకరుఫోనుచుట్టు ఎవరెవరు కూర్చుండి వినుచున్నారో వక్తకు ముందే చెప్పి, ముద్రించుటకు అతని యనుమతిని పొందుటయు మఱువరాదు. ఒక్కనితో మాటాడుచున్నాననుకొని ఇంటిగుట్టు చెప్పిన వృద్ధురాలి మాట పదిమంది చెవిని బడుట న్యాయము కాదు.

సంధానము మొదలగు చిల్లరపనులను గూర్చి విస్తరింపనక్కఱలేదు. ఒక్కటి మాత్రము తఱచు మోసగించునది. యంత్రమును తగిలించినంత మాత్రమున కంప్యూటరు దానినే వినునని నమ్మరాదు. వర్ధకముగా దానిని స్వీకరించి, మైక్రోఫోనుగా తన లోపలిదానినే యుంచుకొనుట కలదు. అప్పుడు ఇటువారికి అంతయు బాగుగనే యుండును, అటువారికే బాధ. సభకు ముందు ఒకరు బిళ్లపై గోటితో మెల్లగా గీయగా, అవతలివారికి ఆ గీత బలముగా వినబడినదా యని యడిగినచో సంగతి తేలును. పంకా క్రింద నేరుగా యంత్రము నుంచరాదు. గోడమూలకంటె బల్లమధ్యము మేలు. అభ్యర్థి స్థానము యంత్రమునకు రెండు మూడడుగులలో నుండవలెను. పెద్దలు కొంత దూరముగా నున్నను ఇబ్బంది లేదు, ఏలయన పరీక్షింపబడువారు పెద్దలు కారు.

పరీక్ష ముగిసి అభ్యర్థి వెలుపలికి పోయిన పిదప పరీక్షకులు తమలో తాము సంప్రదింతురు. ఆ సంప్రదింపు వెలుపలి శ్రోతలకు చేరరాదు. యంత్రముపైని మీట నొక్కినపుడు సాధారణముగా ఎఱ్ఱని దీపము వెలిగి, మన ధ్వని పోవుట లేదని తెలుపును. తెరపై సభావాహకమునందు వేఱొక మీట గలదు. కొన్ని సంధానములలో ఈ రెండును ఒకదాని నొకటి యెఱుగవు. ఒకటి మూసినను రెండవది తెఱచినట్లు చూపును. పైగా ఈ రెండును మన మాట పోకుండ చేయునవే గాని, కాశీలోని పరీక్షకుని మాట మన గదిలోని వర్ధకమున పలుకకుండ చేయునవి కావు. నడవలో, మూసిన తలుపు కవతల నిలుచున్న అభ్యర్థికి తన భవితవ్యము స్పీకరుఫోను గొంతుతో వినబడకుండుటకు, సంప్రదింపు వేళ బిళ్ల తీగను తీసివైచి, అధ్యక్షుడు ఆ సంభాషణమును చెవికి తగిలించుకొను హెడ్‌ఫోనులోనికి మార్చుకొనుట యొక్కటే నమ్మదగిన మార్గము.